రాయలసీమలో స్వతంత్ర చిత్రానికి పెట్టుబడి: స్క్రిప్టు పూర్తయిన నాటి నుంచి చివరి లెక్క అప్పగించేదాకా

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో మంచి కథ రాసుకుని, నటులను ఎంచుకుని, ఊరి పొలిమేరల్లో లొకేషన్లు కూడా చూసిపెట్టుకుని, డబ్బు దగ్గర ఆగిపోయిన యువ దర్శకులు చాలామంది ఉన్నారు. హైదరాబాద్ వెళ్లి నిర్మాణ సంస్థల చుట్టూ తిరగడం ఒక్కటే దారి అని వారిలో ఎక్కువమంది అనుకుంటారు. అయితే ఈ నేల డబ్బుకు సినిమా కొత్త కాదు. 1930ల చివర మద్రాసులో వాహినీ సంస్థ నిలదొక్కుకున్నప్పుడు దాని దర్శకుడు బి.ఎన్.రెడ్డి కడప జిల్లావారు. వెనుక నిలబడిన మూలా నారాయణస్వామి తాడిపత్రి వ్యాపారి. ఆయన స్నేహితుడిగా సినిమా రంగంలోకి వెళ్లి, మొదట లెక్కలు చూసి, తర్వాత గొప్ప దర్శకుడైన కె.వి.రెడ్డిదీ తాడిపత్రే. ఒకరినొకరు ఎరిగిన మనుషులు, లెక్క తెలిసిన వ్యాపారి, పని తెలిసిన దర్శకుడు కలిస్తే ఏం సాధ్యమో ఆ చరిత్రే చెబుతుంది.

ఈ మార్గదర్శి సుమారు 30 లక్షల నుంచి కోటి రూపాయల లోపు ఖర్చుతో, పేరున్న తారలు లేకుండా తీసే చిత్రాల కోసం రాసినది. నా అభిప్రాయం మొదటే చెబుతాను. కథ మీద నమ్మకం కలిగించడం రెండో పని. పెట్టిన డబ్బు ఏ వరుసలో తిరిగి వస్తుందో, రాకపోతే ఎవరు ఎంత నష్టపోతారో, మొదటి రూపాయి తీసుకునే ముందే కాగితం మీద చూపడం మొదటి పని. కింద చెప్పిన మెట్లన్నీ ఆ ఒక్క కాగితాన్ని నిజాయితీగా తయారుచేయడానికే.

1. కథ హక్కులు మీ చేతిలో ఉండాలి

కథ మీరే రాసినా, మిత్రుడితో కలిసి రాసినా, ఎవరిదో కథానిక ఆధారంగా అల్లుకున్నా, హక్కుల పత్రం లేకుండా పెట్టుబడిదారు దగ్గరకు వెళ్లవద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. పత్రంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. అంటే ఒక్క వాక్యం రాయడం మరిచిపోతే అమెరికాలో, గల్ఫ్‌లో సినిమా అమ్ముకునే వీలుకే చిక్కు వస్తుంది. స్క్రిప్టును కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయడానికి రుసుము 500 రూపాయలు. నమోదు తప్పనిసరి కాదు, కానీ వివాదం వచ్చిన రోజున తేదీతో ఉన్న సాక్ష్యం అదే. సంగీత దర్శకుడు, గీత రచయిత, ఎడిటర్, నటులు అందరితోనూ పని మొదలుకాకముందే ఒప్పందం రాసుకోవాలి. రేపు ఓటీటీ సంస్థ అడిగే మొదటి ఫైలు ఇదే.

2. బడ్జెట్: ఫస్ట్ కాపీ దగ్గర ఆపవద్దు

కొత్తవారి బడ్జెట్లలో ఎక్కువగా కనిపించే లోపం, లెక్క ఫస్ట్ కాపీ (అన్ని పనులూ ముగిసి ప్రదర్శనకు సిద్ధమైన తొలి ప్రతి) దగ్గర ముగిసిపోవడం. డీఐ (రంగులు సరిదిద్దే పని), డబ్బింగ్, రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం), మిక్సింగ్ అయ్యి సినిమా చేతికొచ్చేసరికి ఖాతా ఖాళీ అవుతుంది. పోస్టర్‌కు, సెన్సార్‌కు, థియేటర్లకు డబ్బుండదు. అటువంటి సినిమాలు హార్డ్ డిస్కుల్లోనే ఉండిపోతాయి. పెట్టుబడిదారు దృష్టిలో విడుదల కాని సినిమాకు విలువ లేదు.

ఉదాహరణకు 60 లక్షల సినిమా అనుకుందాం. ఇందులో చిత్రీకరణకు, పోస్ట్ ప్రొడక్షన్‌కు కలిపి 43 లక్షలు, అనుకోని ఖర్చులకు 5 లక్షలు, సెన్సార్, ప్రచారం, విడుదలకు 12 లక్షలు అని మొదటే విడదీయాలి. ఆ 12 లక్షలను షూటింగ్ ఎంత ఇబ్బందుల్లో ఉన్నా ముట్టుకోకూడదు. ఇవి పద్ధతి చూపడానికి తీసుకున్న అంకెలు. మీ స్క్రిప్టును బట్టి మారతాయి.

ప్రతి అంకె వెనుకా ఒక చిన్న లెక్క ఉండాలి. "భోజనాలు: లక్ష రూపాయలు" అని రాసిన బడ్జెట్‌ను మన వ్యాపారులు ఒక్క చూపులో పక్కన పెడతారు, ఎందుకంటే కూలీలకు అన్నం పెట్టి పనిచేయించిన అనుభవం వారికి మనకంటే ఎక్కువ. యూనిట్ 35 మంది, షెడ్యూల్ 24 రోజులు, టిఫిన్, మధ్యాహ్న భోజనం, టీలు, రాత్రి భోజనం కలిపి తలకు 450 రూపాయలు అనుకుంటే, రోజుకు 15,750, మొత్తం 3,78,000 రూపాయలు అని రాసి చూపండి. బేటాలు (రోజువారీ భత్యాలు), వాహనాల డీజిల్, జనరేటర్, లాడ్జి గదులు, కెమెరా అద్దె అన్నీ ఇలాగే. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని సాగదని తెలిసి కూడా రోజుకు పన్నెండు గంటల షెడ్యూల్ వేస్తే, ఆ లెక్కను నమ్మేవారు ఇక్కడ ఉండరు.

అనుమతుల ఖర్చూ, సమయమూ బడ్జెట్‌లోనే కనిపించాలి. గండికోట, లేపాక్షి వంటి రక్షిత కట్టడాల్లో చిత్రీకరణకు భారత పురావస్తు శాఖ అనుమతి అవసరం. 2022లో జిల్లాలు విడిపోయాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి, బెలుం గుహలు నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి కాబట్టి ఏ కలెక్టరేట్‌కు దరఖాస్తు చేయాలో ముందే సరిచూసుకోండి. మన కథల్లో ఎద్దులు, మేకలు సహజంగానే వస్తాయి. వాటిని కెమెరా ముందు వాడాలంటే భారత జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలి. లేకపోతే సెన్సార్ దగ్గర ఆ దృశ్యాలే కాదు, విడుదల తేదీ కూడా పోయే ప్రమాదముంది.

3. టికెట్ నుంచి మీ చేతికి ఎంత వస్తుంది

పెట్టుబడిదారు అడగకముందే ఈ లెక్క మీరే చూపాలి. 100 రూపాయల టికెట్ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల వరకు ఉన్న టికెట్ మీద జీఎస్టీ 5 శాతం. అది పోగా మిగిలేది సుమారు 95. థియేటర్‌తో సగం సగం ఒప్పందం అనుకుంటే మీ వైపు 47 రూపాయల పైచిలుకు వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ కమీషన్ 15 శాతం అనుకుంటే 40 రూపాయలు మిగులుతాయి. అందులో నుంచి క్యూబ్, యూఎఫ్ఓ వంటి డిజిటల్ సంస్థలకు స్క్రీన్‌కు ఇంత చొప్పున వీపీఎఫ్ (డిజిటల్ ప్రదర్శన రుసుము) కట్టాలి, పోస్టర్లు అంటించిన ఖర్చూ తీయాలి. ఆ 40 మొత్తం మీకే వచ్చిందనుకున్నా, థియేటర్ల నుంచే 60 లక్షలు రాబట్టాలంటే లక్షా యాభై వేల టికెట్లు తెగాలి.

ఈ అంకె చూసి అధైర్యపడనక్కరలేదు. థియేటర్ ఒక్కటే దారి కాదని అర్థం చేసుకుంటే చాలు. శాటిలైట్ (టీవీ ప్రసారం), ఓటీటీ, హిందీ డబ్బింగ్, ఆడియో, ఓవర్సీస్ అనే నాన్ థియేట్రికల్ హక్కులు వేర్వేరుగా అమ్ముకోవచ్చు. అయితే చిన్న సినిమాను ఓటీటీ సంస్థ ముందే కొంటుందని బడ్జెట్ వేయడం చాలా ప్రమాదం. చాలాసార్లు విడుదల తర్వాత ఆదరణ చూసి మాట్లాడతారు, లేదా ప్రేక్షకులు చూసినదాన్ని బట్టి వాటా ఇస్తామంటారు. కాబట్టి మీ కాగితంలో మూడు అంచనాలు ఉండాలి: ఏ హక్కూ అమ్ముడుపోని పరిస్థితి, ఒకటి రెండు హక్కులు అమ్ముడైన పరిస్థితి, అన్నీ కలిసొచ్చిన పరిస్థితి. మొదటి అంచనాను దాచిపెట్టి మూడోదాన్ని మాత్రమే చూపేవారిని మన ప్రాంతంలో రెండోసారి ఇంటికి రానివ్వరు.

సీడెడ్ ఏరియాలో (సినిమా వ్యాపారంలో రాయలసీమకు వాడే పేరు) సినిమా విడుదల చేసే డిస్ట్రిబ్యూటర్ ఒకరిని షూటింగ్‌కు ముందే కలిసి, ఈ అంచనాల మీద ఆయన మాట వినండి. కొత్తవారి సినిమాకు మినిమం గ్యారంటీ (వసూళ్లు ఎంతైనా ముందే ఇచ్చే హామీ మొత్తం) ఇవ్వకపోవచ్చు. కమీషన్ మీద విడుదల చేయడానికి ఒప్పుకున్నా అది పెట్టుబడిదారుకు చెప్పదగిన విషయమే.

4. ఏ రకం డబ్బు తీసుకోవాలి

వడ్డీకి తెచ్చిన డబ్బుతో స్వతంత్ర చిత్రం తీయవద్దని గట్టిగా చెబుతాను. నూటికి రెండు రూపాయల వడ్డీకి 20 లక్షలు తీసుకుంటే నెలకు 40 వేలు. స్క్రిప్టు నుంచి విడుదలకు 18 నెలలు పడితే వడ్డీ ఒక్కటే 7,20,000 రూపాయలు. పెద్ద నిర్మాతలు ఫైనాన్షియర్ల దగ్గర తెస్తారు కదా అనవచ్చు; వారి సినిమా పూర్తికాకముందే ఏరియాలవారీగా అడ్వాన్సులు వస్తాయి, మనకు రావు. అప్పు తీసుకున్న నిర్మాత విడుదలకు ముందు రోజు రాత్రి ఫైనాన్షియర్ నుంచి క్లియరెన్స్ కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ స్థితిలోకి మీ సినిమాను నెట్టవద్దు.

మనకు తగినది వాటా పెట్టుబడి. డబ్బు పెట్టినవాడు లాభమొస్తే పంచుకుంటాడు, నష్టమొస్తే భరిస్తాడు. ఆ రెండో మాటను మింగకుండా చెప్పి ఒప్పించగలిగితేనే ఆ డబ్బు తీసుకోండి.

ప్రేక్షకుల చందాలతో తీయడమూ ఒక దారే. 1976లో శ్యామ్ బెనెగల్ చిత్రం 'మంథన్'కు గుజరాత్‌లోని 5 లక్షల మంది పాడిరైతులు తలా 2 రూపాయలు ఇచ్చారు. అది ఎలా సాధ్యమైందన్నది గమనించాలి: ఆ రైతులంతా అప్పటికే పాల సహకార సంఘాల్లో సభ్యులు, డబ్బు పోగుచేసే యంత్రాంగం ముందే ఉంది, ఆ సినిమా వారి కథే. కాబట్టి మీరూ మీ కథకు సంబంధించిన సమూహాన్ని వెతకాలి. ధర్మవరం నేతగాళ్ల కథ అయితే పట్టుచీరల వ్యాపారులు, ఆ ఊరి నుంచి వెళ్లి స్థిరపడిన ఉద్యోగులు మొదటి వరుసలో ఉంటారు. అయితే చందాకు బదులు టికెట్, టైటిల్స్‌లో పేరు, ముందస్తు ప్రదర్శనకు ఆహ్వానం వంటివే ఇవ్వండి. "పదివేలు పెట్టండి, ఏడాదిలో ఇరవై వేలు" అని ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపుల్లోనో ప్రకటిస్తే, అది 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కిందకు వచ్చే ప్రమాదముంది. కేసు పడితే సినిమా అక్కడితో ఆగిపోతుంది.

5. సంస్థ, బ్యాంకు ఖాతా

పది పన్నెండు మంది పెట్టుబడిదారులున్నప్పుడు ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) అనుకూలంగా ఉంటుందని నా అభిప్రాయం. సాధారణ భాగస్వామ్య సంస్థలో సంస్థ అప్పులకు భాగస్తుల సొంత ఆస్తులు కూడా బాధ్యత వహించాలి. ఎల్ఎల్‌పీలో ప్రతి ఒక్కరి బాధ్యత పెట్టిన మొత్తం వరకే ఉంటుంది. కనీసం ఇద్దరు డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్లు (చట్టపరమైన పనులకు బాధ్యత వహించే భాగస్తులు) కావాలి. పెట్టుబడి 25 లక్షలు లేదా టర్నోవర్ 40 లక్షలు దాటితే ఆడిట్ తప్పనిసరి. ఇది భారం అనుకోవద్దు, మీ మీద నమ్మకానికి ఆధారం అదే. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడితే, ఎంచుకున్న వ్యక్తులకే వాటాలు ఇవ్వాలి, బహిరంగ ప్రకటన ఇవ్వకూడదు, ఆర్థిక సంవత్సరంలో 200 మందిని మించకూడదు అన్న నియమాలను పాటించాలి.

నగదు జోలికి వెళ్లకండి. అప్పుగా 20 వేలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం, ఒక వ్యక్తి నుంచి ఒకే రోజున 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. "కొంత వైట్, కొంత బ్లాక్" అనే పెద్దమనిషికి మర్యాదగా నమస్కారం పెట్టి బయటికి రండి.

6. వసూళ్ల వరుస

ఇదే అసలు కాగితం. 60 లక్షలను 5 లక్షల చొప్పున 12 యూనిట్లుగా విభజించామనుకుందాం. నటులు, సాంకేతిక నిపుణులు తమ పారితోషికంలో 6 లక్షలు విడుదల తర్వాత తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఇది ఆ 60 లక్షలకు బయటి మొత్తం. విడుదల ఖర్చులన్నీ పోగా సంస్థకు 75 లక్షలు వచ్చాయి. మొదట ఆపిన పారితోషికాలు 6 లక్షలు ఇచ్చేయాలి. తర్వాత పెట్టుబడిదారుల అసలు 60 లక్షలు. మిగిలిన 9 లక్షల్లో సగం పెట్టుబడిదారులకు, సగం దర్శకుడు, రచయిత, నిర్మాతల వైపుకు. ఒక్కో యూనిట్‌కు లాభం 37,500, అంటే 5 లక్షలకు 5,37,500 రూపాయలు. రెండేళ్లకు వచ్చిన ఈ లాభం బ్యాంకు డిపాజిట్ ఇచ్చే వడ్డీ కంటే తక్కువే కావచ్చు. ఆ మాట కూడా కాగితంలో రాయండి.

అదే 30 లక్షలే వస్తే? పారితోషికాలు పోగా 24 లక్షలు మిగులుతాయి, ఒక్కో యూనిట్‌కు 2 లక్షలు తిరిగి వస్తాయి, 3 లక్షలు పోతాయి, దర్శకుడి వైపుకు ఏమీ రాదు. ఈ రెండో లెక్క విన్నాక కూడా ముందుకొచ్చినవారే మీకు తగిన పెట్టుబడిదారులు. పారితోషికాలను అసలు కంటే ముందు పెట్టడం కొందరికి నచ్చదు; పనిచేసినవారి కూలి ముందు ఇవ్వాలన్నది న్యాయమని నేను నమ్ముతాను, దాని మీద పట్టుబట్టండి.

7. ఎవరిని, ఎవరి ద్వారా కలవాలి

ఆదోనిలో పత్తి వ్యాపారులు, ప్రొద్దుటూరులో బంగారం, బట్టల వ్యాపారులు, తాడిపత్రిలో, బేతంచెర్లలో బండల పాలిష్ యూనిట్ల యజమానులు, కర్నూలులో వైద్యులు, విద్యాసంస్థల నిర్వాహకులు, మూడు జిల్లాల్లోనూ కాంట్రాక్టర్లు: మిగులు డబ్బున్నవారు మన చుట్టూనే ఉన్నారు. వీరిలో ఎవరైనా పెద్ద మొత్తం ఎక్కడైనా పెట్టేముందు సలహా అడిగేది తమ ఆడిటర్‌ను. అందుకే మొదట ఆడిటర్‌ను కలవండి. మీ బడ్జెట్, వసూళ్ల వరుస, సంస్థ పత్రాలు ఆయన ముందు పెట్టి తప్పులు చూపమని అడగండి, ఆ పనికి ఫీజు ఇవ్వండి. ఆయనకు లెక్క సరిగా ఉందనిపిస్తే, ఆయన ఇచ్చే పరిచయం మీరు చూపే షో రీల్ కంటే బలంగా పనిచేస్తుంది.

పరిచయమయ్యాక దుకాణంలో రద్దీ వేళ వెళ్లవద్దు. వారు చెప్పిన రోజున, చెప్పిన సమయానికి వెళ్లండి. పది నిమిషాల్లో కథ సారాంశం, మీరు తీసిన లఘుచిత్రం ఒకటి, ఆపైన నాలుగు పేజీల కాగితం. అంతకు మించి వద్దు. సంభాషణ ఎక్కడికి చేరుతుందో ముందే తెలుసు.

"అదంతా సరే నాయనా, నా దుడ్లు ఎన్నాళ్లకొస్తాయి?"

"సార్, షూటింగ్ మొదలైన రోజు నుంచి విడుదలకు ఏడాది, ఆ తర్వాత లెక్కలు తేలడానికి ఇంకో ఏడాది. మొత్తం పోయే అవకాశం కూడా ఉంది. ఈ డబ్బు పోతే మీ వ్యాపారం ఇబ్బంది పడుతుందంటే, దయచేసి పెట్టవద్దు."

ఈ జవాబు చెప్పడానికి ధైర్యం కావాలి, కానీ ఇది చెప్పినందుకు తలుపులు మూసుకోవు. రెండు విషయాల్లో మాత్రం గీత గీసుకోండి. ఒకటి, డబ్బు పెట్టినవారి అబ్బాయికి కథానాయకుడి వేషం ఇవ్వాలన్న షరతు. చిన్న వేషమైనా స్క్రీన్ టెస్ట్ తర్వాతే అని చెప్పండి. రెండు, కువైట్‌లో ఏళ్ల తరబడి కష్టపడి కూతురి పెళ్లికనో ఇంటికనో దాచుకున్న డబ్బు. కడప ప్రాంతంలో ఇటువంటి కుటుంబాలు చాలా ఉన్నాయి, అభిమానంతో ఇస్తామంటారు కూడా. ఆ డబ్బు తీసుకోకండి. విదేశాల్లో స్థిరపడి, నష్టాన్ని తట్టుకోగలిగిన ప్రవాసులు ఎల్ఎల్‌పీలో పెట్టుబడి పెట్టాలనుకుంటే, డబ్బు తిరిగి విదేశానికి తరలించుకునే వీలులేని పద్ధతిలో, ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా (ప్రవాసుల బ్యాంకు ఖాతాలు) ద్వారా తీసుకోవచ్చు. పత్రాలు ఆడిటర్ చేతనే రాయించండి.

8. జిల్లా దాటి వెతకాల్సిన చోట్లు

గోవాలో ప్రతి నవంబర్‌లో అంతర్జాతీయ చలనచిత్రోత్సవంతో పాటు జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) నిర్వహించే ఫిల్మ్ బజార్ (ఇప్పటి పేరు వేవ్స్ ఫిల్మ్ బజార్) 2007లో మొదలైంది. ఎంపికైన స్క్రిప్టులను నిర్మాతలకు, విదేశీ ఫండ్లకు పరిచయం చేసే కో ప్రొడక్షన్ మార్కెట్, సగం పూర్తయిన చిత్రాలకు సలహాలిచ్చే వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ల్యాబ్, స్క్రీన్‌ప్లే రచయితలకు ల్యాబ్ అందులో భాగాలు. దరఖాస్తులు నెలల ముందే ముగుస్తాయి. రోటర్‌డామ్ ఉత్సవానికి చెందిన హ్యూబర్ట్ బాల్స్ ఫండ్ వంటివి మన దేశపు స్వతంత్ర చిత్రాలను కూడా పరిశీలిస్తాయి. ఇవి చాలా నెమ్మదైన దారులు. వీటి మీదే ఆధారపడి షెడ్యూల్ వేయవద్దు. కానీ ఒక్క ఎంపిక వచ్చినా, ఆ లేఖను ఇక్కడి పెట్టుబడిదారుకు చూపినప్పుడు ఆయన మిమ్మల్ని చూసే తీరు మారుతుంది.

9. ఒప్పందం, విడతలు, లెక్క అప్పగింత

ఒప్పందంలో ఎవరి వాటా ఎంత, వసూళ్ల వరుస ఏమిటి, బడ్జెట్ దాటితే ఆ అదనం ఎవరు భరిస్తారు, సృజనాత్మక నిర్ణయం ఎవరిది, హక్కులు అమ్మడానికి ఎందరి సంతకం కావాలి, మధ్యలో ఎవరైనా తప్పుకుంటే వారి యూనిట్ ఎవరికి వెళ్తుంది అనేవి తెలుగులోనే, అందరికీ అర్థమయ్యేలా రాయాలి. న్యాయవాది రాసిన ఇంగ్లిష్ పత్రం పక్కన తెలుగు ప్రతి కూడా జతచేసి, రెంటి మధ్య తేడా వస్తే ఏది చెల్లుతుందో కూడా రాయండి.

మొత్తం 60 లక్షలకూ సంతకాలు అయ్యేవరకు షూటింగ్ మొదలుపెట్టకండి. సగం డబ్బుతో మొదలుపెట్టి, రషెస్ (ఎడిట్ చేయని దృశ్యాలు) చూపి మిగతా సగం తెద్దామన్న ఆలోచన ఆకర్షణీయంగానే ఉంటుంది. ఆగిన సినిమాకు డబ్బు తేవడం మాత్రం కొత్త సినిమాకు తేవడం కంటే కష్టం. సినిమా కోసమే ప్రత్యేక ఖాతా తెరిచి, ఇద్దరి సంతకంతోనే డబ్బు బయటికి వెళ్లే ఏర్పాటు చేయండి, అందులో ఒక సంతకం పెట్టుబడిదారుల ప్రతినిధిది. ప్రీ ప్రొడక్షన్, చిత్రీకరణ, పోస్ట్ ప్రొడక్షన్, విడుదల అని నాలుగు విడతలుగా డబ్బు పిలవవచ్చు. షూటింగ్ రోజుల్లో ప్రొడక్షన్ మేనేజర్ రాసే రోజువారీ ఖర్చుల పుస్తకాన్ని వారానికొకసారి ఫొటో తీసి అందరికీ పంపండి. పారితోషికాల నుంచి టీడీఎస్ కోసి కట్టడం, బిల్లులు భద్రపరచడం ఆ రోజుల్లోనే జరగాలి. విడుదల తర్వాత వెతికితే బిల్లులు దొరకవు.

సెన్సార్ కోసం హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. 2024 నియమాల తర్వాత యూఏ సర్టిఫికెట్‌లో (పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంతో చూడవచ్చని ఇచ్చేది) 7, 13, 16 ఏళ్లు అనే విభాగాలు వచ్చాయి కాబట్టి, టీవీ హక్కులు అమ్మదలచినవారు హింస, భాష విషయంలో ఏ విభాగం వస్తుందో ఎడిటింగ్ దశలోనే ఆలోచించుకోవాలి.

విడుదలయ్యాక మొదటి వారంలో థియేటర్లవారీగా డీసీఆర్‌లు (రోజువారీ వసూళ్ల నివేదికలు) తెప్పించుకుని, వాటి నకళ్లు పెట్టుబడిదారులందరికీ పంపండి. తర్వాత మూడు నెలలకొకసారి ఒక పేజీ లెక్క: ఎక్కడి నుంచి ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చాం, ఇంకా రావలసింది ఎంత, ఏ హక్కు ఎవరితో మాట్లాడుతున్నాం. ఏమీ రాని త్రైమాసికంలో కూడా "ఈ మూడు నెలల్లో రాబడి లేదు" అని రాసి పంపాలి. ఓటీటీ ఒప్పందం రెండేళ్ల తర్వాత కుదిరినా ఆ డబ్బు మొదట రాసుకున్న వరుసలోనే అందరికీ చేరాలి, ఆ చివరి చెల్లింపు రసీదులతోనే ఎల్ఎల్‌పీ ఖాతాను ఆడిటర్ చేత మూయించాలి.